రూపాయి అనుకున్న నీడ

మా ఆసుపత్రిలో నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి పేరు శ్రావణి. దసరాకు నెల ముందు ఫోన్ చేసి, ముప్పై ఏళ్ళు ఎక్స్‌రేలు తీసినవారు కదా, మాలాంటివాళ్ళకు పనికొచ్చే నాలుగు ముక్కలు రాసివ్వండి సార్ అని అడిగింది. రిటైరైన మనిషిని నాలుగు ముక్కలు అడిగితే నలభై వస్తాయని పాపం ఆమెకింకా తెలియదు.

నా పేరు ఖాజా. ఖమ్మంలో పుట్టాను. మా అబ్బాకు అక్కడ గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న సర్కారు దవాఖానాలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేశాను. ఇప్పుడు వైరాలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక్కడినే ఉంటున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, ఎందుకంటే రాలేదు. రిజిస్టర్ల గురించి రాయను, వాటితో శ్రావణికి ఎలాగూ తప్పదు.

రాయడానికి ఒప్పుకున్నది ఆమె అడిగిందని మాత్రమే కాదు. జూలూరుపాడు దగ్గర ఒక పత్తి మిల్లులో నాగేష్ అని ఒకతను పనిచేస్తాడు. ఎనిమిదేళ్ళుగా ఒక్క పండుగకు కూడా అతను తన అక్క ఇంటికి పోలేదు. జాతరలో అతను కొనిచ్చిన బొమ్మ వల్ల మేనకోడలి గొంతు పాడైందని ఇంట్లోవాళ్ళు అతన్ని దూరం పెట్టారు. ఆ తప్పులో పెద్ద వాటా నాది. ఆ సంగతి నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

చీకటి గది

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. మా కాలంలో ఫిల్మును చీకటి గదిలో మందునీళ్ళలో ముంచి, కడిగి, హ్యాంగర్‌కు తగిలించి ఆరబెట్టేవాళ్ళం. ఆ గదిలో ఎర్ర బల్బు, మూడు తొట్లు, నేను. రెండో మనిషికి చోటు లేదు. రోజు మొత్తంలో నేను నోరు తెరిచి మాట్లాడేవి మూడే మాటలు: ఊపిరి పీల్చు, ఆపు, వదులు.

నా భార్య రజియా ఖమ్మంలో మా అమ్మ దగ్గర ఉండేది. నేను ఆసుపత్రి క్వార్టర్‌లో ఉండి ఆదివారాలు పోయి వచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి కూడా మూగనోము పట్టినట్టు కూర్చుంటానని, కనీసం ఆ మూడు మాటలైనా తనతో అనమని ఆమె ఎగతాళి చేసేది. రిటైరయ్యాక తీరిగ్గా మాట్లాడుకుందామనుకున్నాను. రిటైరైన మరుసటి ఏడే ఆమె పోయింది. మాకు పిల్లలు లేరు. తీరిక మాత్రం మిగిలింది.

ఆ ఉద్యోగంలో నాకు నిజంగా పని నేర్పిన బాస్ ఒక్కరే, డాక్టర్ విమల గారు. కోపం ముక్కు మీద ఉండే మనిషి. ఒక క్రిస్మస్ మర్నాడు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. పండుగకు ఎవరో రబ్బరు బాతు ఇచ్చారు. నొక్కితే కీచుమనే రకం. పిల్లవాడు లోపలి కీచుమనే ముక్కను ఊడబెరికాడు, అప్పటినుంచి ఒకటే దగ్గు. నేను ఛాతీ ఫిల్ము తీసి, చూసి, బయటికొచ్చి ఏమీ లేదన్నాను. తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని దేవుడికి దండం పెట్టుకుంది.

విమల గారు నా ఫిల్ము వంక చూడను కూడా లేదు. పిల్లవాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. కుడివైపు గాలి సరిగ్గా ఆడడం లేదు. వెంటనే ఖమ్మం పంపారు. అక్కడ గొట్టం వేసి ఊపిరితిత్తి దారిలోంచి ఆ కీచుముక్కను తీశారు. తర్వాత నన్ను గదిలోకి పిలిచి, "ఖాజా, ప్లాస్టిక్ నీ మిషన్‌కు కనబడతదా? కనబడని దాన్ని లేదని చెప్పేటందుకు నువ్వెవరు?" అన్నారు. ఆ రోజు నుంచి నా చేత 'ఏమీ లేదు' అనే మాట మాన్పించి 'ఏమీ కనబడలేదు' అని రాయించారు. ప్లాస్టిక్ పూస, చెక్క పేడు, పల్లీ గింజ, ఇవేవీ ఫిల్ములో తెలియవు. ఫిల్ము ఖాళీగా ఉంటే పిల్లవాడి ఒంట్లో ఏమీ లేదని కాదు.

ఆ పాఠం బాగానే ఒంటబట్టింది. అయితే అది కనబడని వాటి గురించిన పాఠం. కనబడిన దాన్ని కూడా అనుమానించాలని నేర్పేలోపే ఆమెకు బదిలీ అయింది.

నవమి మర్నాడు

మా వైపు పిల్లలు మింగేవాటిలో రూపాయిని మించింది లేదు. దానికి కారణం ఉంది. భద్రాచలం బయల్దేరేటప్పుడు పెద్దవాళ్ళు పిల్లల చేతిలో ఒక రూపాయి పెడతారు, హుండీలో నీ చేత్తోనే వేయమని. పిల్లలకు చేతిలో ఉన్నది నోట్లోకి పోవడానికి ఎంతసేపు? అందుకే శ్రీరామనవమి వచ్చిందంటే నాకు రెండు మూడు రూపాయి కేసులు ఖాయం. తీసి చూసేవాణ్ణి, గుండ్రంగా తెల్లగా రూపాయి కనబడేది. కడుపులోకి దిగి ఉంటే అరటిపండు పెట్టండి, దొడ్డికితో పాటు పోతుంది అనేవాణ్ణి. ఊరంతా చేసేది అదే. చాలాసార్లు అలాగే జరిగింది. చాలాసార్లు జరిగిందంటే ఇక మెదడుకు పనుండదు.

ఆ ఏడు నవమి మర్నాడు పొద్దున పదకొండు గంటలకు పినపాక వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మా గేటు దగ్గర ఆటో దిగింది. కోయవాళ్ళు. కల్యాణం చూసి, ఈ వైపు చుట్టాలింటికి పోతున్నారు. తల్లి పేరు సమ్మక్క. బిడ్డ కావ్యకు మూడేళ్ళు. పాప ఏదో మింగింది, నాయనమ్మ ఇచ్చిన రూపాయి కనబడడం లేదు, రూపాయే మింగి ఉంటుందని చెప్పారు. డాక్టర్లు జాతర క్యాంపు డ్యూటీలో ఉన్నారు. ఉన్నది నర్సు, నేను.

చిన్నపిల్లలకు ఎక్స్‌రే తీయాలంటే ఇంటి మనిషి ఒకరు సీసపు ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి. సమ్మక్క మళ్ళీ కడుపుతో ఉంది, ఆమెను లోపలికి రానివ్వకూడదు. అందుకని ఆమె తమ్ముడు నాగేష్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. ఏప్రాన్ బరువుకు భుజాలు వంచి నిలబడి, మేనకోడలి రెండు చేతులూ పట్టుకున్నాడు. గదిలో మేం ముగ్గురమే.

ఒక ఫిల్ము తీశాను, ఎదురుగా. పక్క నుంచి ఇంకొకటి తీయాలి. ఆ నెల ఫిల్ములు తక్కువ వచ్చాయి, జాతర రోజులు, బయట కాలు విరిగినవాళ్ళు ఇద్దరున్నారు. రెండోది ఎందుకులే అనుకున్నాను. కడిగిన ఫిల్మును నీళ్ళు కారుతుండగానే కిటికీకి ఎత్తి చూశాను. గొంతు కింద, ఛాతీ మొదట్లో గుండ్రంగా తెల్లటి నీడ. రూపాయి అన్నాను.

అప్పుడు నాగేష్ ఏప్రాన్ విప్పుతూ మెల్లగా ఒక మాట అన్నాడు. "సార్, నిన్న జాతరల పాపకు పాట పాడే చిలుక కొనిచ్చిన. పొద్దుగాల కింద పడి మూత ఊడింది. దాంట్ల రెండు సెల్లులు ఉండాలె సార్. ఒకటే దొరికింది."

నేను అతని ముఖం వంక చూడలేదు. ఫిల్మును హ్యాంగర్‌కు తగిలిస్తూ, అది ఆటోలో ఎక్కడో పడి ఉంటుంది, వెతుక్కో, ఇది రూపాయే అన్నాను. అతను సరే సార్ అన్నాడు. ప్యాంటు వేసుకున్న సర్కారు మనిషి రూపాయి అంటే కాదనే అలవాటు అడవి ఊళ్ళవాళ్ళకు లేదు. నేను దాన్ని మర్యాద అనుకునేవాణ్ణి. అది భయమని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

బయటికొచ్చి నర్సుకు చెప్పాను. నీడ గొంతు కిందే ఆగి ఉందని తెలిసి కూడా, కిందికి జారుతుంది, అరటిపండు పెట్టండి, రెండు రోజులు చూడండి అన్నాను. నేను డాక్టరును కాను. ఆ మాట అనే అధికారం నాకు లేదు. అయినా అన్నాను, వాళ్ళు మొక్కి పోయారు.

మరుసటి రోజు పొద్దున ఎనిమిదింటికి తిరిగి వచ్చారు. పాప నోట్లోంచి జొల్లు కారుతోంది, అందులో నల్లటి నెత్తురు చారలు. మంచినీళ్ళ చుక్క కూడా మింగడం లేదు. నేను చీకటి గదిలోకి పోయి, ఆరిన నిన్నటి ఫిల్మును లైటు ముందు పెట్టాను. గుండ్రటి నీడ అంచుకు కొంచెం లోపల, వెంట్రుకంత సన్నగా, ఇంకో గుండ్రటి గీత ఉంది. రూపాయికి ఆ గీత ఉండదు. బటన్ సెల్లుకు ఉంటుంది, దానికి అంచు దగ్గర మెట్టు ఉంటుంది కాబట్టి. పక్క నుంచి ఇంకో ఫిల్ము తీశాను. మెట్టు స్పష్టంగా కనబడింది.

మా అబ్బా దుకాణంలో అలాంటి సెల్లులను పరిమాణాల ప్రకారం డబ్బాల్లో సర్దింది నేనే. ఈ ఉద్యోగం రాకముందు కళ్ళు మూసుకుని, అంచు తడిమి, ఇది ఏ గడియారానిదో చెప్పేవాణ్ణి. లోకంలో ఇంకెవరు ఆ గీతను చూడకపోయినా నేను చూడాల్సినవాణ్ణి.

అరిచాను. పరిగెత్తాను. అంబులెన్సు డ్రైవర్‌ను టీ కొట్టు నుంచి చెయ్యి పట్టి లాక్కొచ్చాను. పాపను ఖమ్మం, అక్కడ్నుంచి హైదరాబాద్ పంపించారు. సెల్లు గొంతు తడికి తగిలి రెండు గంటల్లోనే కాల్చడం మొదలుపెడుతుంది. దాదాపు ఒక రోజు కాల్చింది. పాప బతికింది. అన్నవాహిక కాలి ముడుచుకుపోయింది. గొంతు బొంగురుపోయింది. ఆ రూపాయి నాలుగు రోజుల తర్వాత తలంబ్రాల పొట్లంలో దొరికింది. పాపే అందులో దాచింది.

ఆసుపత్రిలో అందరూ చూసింది రెండో రోజు నా పరుగును. ఖాజా సార్ కనిపెట్టాడు కాబట్టి పాప దక్కింది అన్నారు. నేను అవునన్లేదు, కాదన్లేదు. సాయంత్రం ఇంటికి పోతూ మొదటి ఫిల్మును సంచిలో పెట్టుకుని పోయాను. ఫైల్లో రెండోది మాత్రమే మిగిలింది. శ్రావణీ, ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన దొంగతనం అదొక్కటే.

తేనె

మరుసటి నవమికి సమ్మక్క భర్తతో, పిల్లలతో వచ్చింది. నా కోసం సీసాలో అడవి తేనె తెచ్చింది. ఆ తర్వాత ఏటా తెచ్చేది. రిటైరయ్యాక వైరా అడ్రసు కనుక్కుని మరీ తెచ్చింది. పాపను నా ముందు నిలబెట్టి, సారుకు దండం పెట్టు అనేది. కావ్య బొంగురు గొంతుతో నమస్తే అనేది. అన్నం మెత్తగా పిసికి పెడితేనే దిగుతుందట. చాలాకాలం జావ మీదే ఉంది. అన్నవాహిక వెడల్పు చేయించడానికి హైదరాబాద్ తిప్పుతూనే ఉన్నారు.

ఒకసారి నాగేష్ గురించి అడిగాను. సమ్మక్క ముఖం గంటు పెట్టుకుంది. వాడి పేరు ఎత్తకండి సార్ అంది. పైసలు దండగ చేసి మాయదారి బొమ్మ కొని పిల్లను పొట్టన పెట్టుకోబోయాడని భర్త ఇంట్లోకి రానివ్వడట. జూలూరుపాడు దగ్గర మిల్లులో ఉంటున్నాడని మాత్రం చెప్పింది.

అప్పుడు చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ నాకు రజియా పోయి అప్పటికి రెండేళ్ళు. ఏడాదికోసారి నన్ను వెతుక్కుంటూ వచ్చే మనుషులు లోకంలో వీళ్ళే. ఆ ఒక్క రోజు కోసం గది ఊడ్చి, గ్లాసులు తోమి, బిస్కెట్లు తెచ్చిపెట్టుకునేవాణ్ణి. వాళ్ళు పోయాక తేనె సీసాను అలమరలో పెట్టి తలుపు మూసేవాణ్ణి. ఒక్క చెంచా కూడా తినలేదు.

తర్వాత ఎప్పుడో ఒక పిల్లల డాక్టరు చెప్పగా విన్నాను. ఏడాది దాటిన పిల్లలు సెల్లు మింగిన కొద్ది గంటల్లోపైతే, ఆసుపత్రికి పోయే దారిలో చెంచాతో తేనె నాకించుకుంటూ పోవాలట. కాలడం కొంత తగ్గుతుందట. ప్రయాణం మాత్రం ఒక్క నిమిషం ఆపకూడదు. తేనె తీసి బతికే ఊరివాళ్ళకు నేను అరటిపండు పెట్టమన్నాను.

ఒకసారి జూలూరుపాడు పోయాను కూడా. మిల్లు గేటు ఎదురుగా నిలబడ్డాను. నాగేష్ ఒంటినిండా పత్తి నూగుతో బయటికొచ్చాడు, నన్ను చూడలేదు. మనిషి బాగా చిక్కిపోయాడు. నేను సోడా తాగి తిరుగు బస్సు ఎక్కాను.

పండుగ బొమ్మలు

ఇక శ్రావణి అడిగిన పనికొచ్చే ముక్కలు. ఇవి ఆమెకు మాత్రమే కాదు, పండుగకు పిల్లల కోసం ఏదైనా కొనాలనుకునే అందరికీ.

జాతరలో బొమ్మ కొనడం తప్పు కాదు. మేనమామ బొమ్మ కొనకపోతే జాతర ఎందుకు? కొనేముందు బొమ్మను తిరగేసి చూడాలి, అంతే. పాడే బొమ్మ, వెలిగే బొమ్మ అయితే సెల్లుల మూతకు మర ఉందా అని చూడండి. గోరుతో తీస్తే వచ్చే మూత పిల్ల పళ్ళకూ వస్తుంది. మర లేకపోతే ఎంత ముద్దుగా పాడినా అక్కడే పెట్టి వచ్చేయండి. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. మూడేళ్ళ లోపు పిల్లలకైతే ఇంకొకటి. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. ఆ సున్నాలోంచి దూరే ముక్క ఏదైనా బొమ్మలో ఉంటే, ఊడివచ్చేలా ఉంటే, అది ఆ వయసుకు పనికిరాదు. కళ్ళు, గుండీలు, చక్రాలు గట్టిగా లాగి చూడండి. ఊడితే మీ చేతిలో ఊడాలి.

అయస్కాంతం ముక్కలున్న ఆటలు చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. రెండు మింగితే పేగును మధ్యలో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నీళ్ళలో ఉబ్బే రంగు గోళీలు కూడా అంతే, కడుపులో ఉబ్బుతాయి, నా మిషన్‌కు కనబడవు. పగిలిన బుడగ ముక్కలు ఏరి పారేయండి. పెద్దపిల్లకు కొన్న బొమ్మ సాయంత్రానికి చిన్నపిల్ల చేతికి వస్తుందని గుర్తుంచుకుని కొనండి. డబ్బా మీద వయసు రాసి ఉంటుంది. అది తెలివికి సంబంధించింది అనుకుంటారు చాలామంది, మా పిల్ల హుషారు, ఐదేళ్ళ బొమ్మైనా ఆడుతుంది అంటారు. అది గొంతు వెడల్పుకు సంబంధించింది. గుడ్డ బొమ్మ, పెద్ద బంతి, నున్నగా చేసిన చెక్క బండి, వీటితో నా దగ్గరికి వచ్చిన పిల్లలు ఎవరూ గుర్తులేరు.

ఇంత తెలిసినవాడు మంచి బొమ్మలు కొనేవాడై ఉండాలి కదా. మొన్నటి రంజాన్‌కు ఖమ్మంలో మా తమ్ముడి మనవలకు బొమ్మలు పట్టుకుపోయాను. కారుకు మూత మీద మర ఉన్నా, పైనుంచి మూడు చుట్లు టేపు వేశాను. గుడ్డ బొమ్మ కన్ను లాగి చూస్తే ఒకటి ఊడింది. రెండోదీ ఊడుతుందేమోనని పీకేశాను. మా తమ్ముడి కోడలు దాన్ని చేతిలో పట్టుకుని, "పెద్దమామా, బొమ్మ తెచ్చిండ్రా, పోస్టుమార్టం చేసి తెచ్చిండ్రా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పిల్లలు ఇంకెవరో తెచ్చిన విమానం వెనక పరిగెత్తారు. కళ్ళులేని బొమ్మ సోఫా మీద నా పక్కనే కూర్చుంది. సేమ్యా తిని వచ్చేశాను.

పినపాక

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. రాసింది ఒకసారి చదువుకున్నాను. నేను ముఖం కూడా చూడని శ్రావణికి అన్నీ చెప్పేశాను, సమ్మక్కకు ఒక్క ముక్క చెప్పలేదు. ఇంతకంటే పిరికితనం ఇంకేముంటుంది? మర్నాడు పొద్దున్నే మొదటి ఫిల్మును పాత క్యాలెండరులో చుట్టుకుని బయల్దేరాను. ఖమ్మం, కొత్తగూడెం, మణుగూరు, అక్కడ్నుంచి ఆటో. దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను. దిగేసరికి ఒక్క వాక్యం కూడా తయారు కాలేదు.

సమ్మక్క వాకిట్లో మిరప నారు మడికి నీళ్ళు చల్లుతోంది. నన్ను చూసి చెంబు కింద పెట్టి మంచం వాల్చింది. కావ్యకు దసరా సెలవులు, అరుగు మీద కూర్చుని ఉంది. సమ్మక్క కూర్చోమంది, నేను కూర్చోలేదు. ఫిల్ము తీసి ఎండకెదురుగా పట్టుకుని, లోపలి గీతను వేలితో చూపించాను. ఇది మొదటి రోజుదని చెప్పాను. సెల్లు పోయిందని నీ తమ్ముడు ఆ రోజే నాతో అన్నాడు, నేను వినలేదు, ఆ రోజే పంపించి ఉంటే పాప గొంతు ఇలా అయ్యేది కాదేమో అన్నాను. ఇవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను.

ఆమె చాలాసేపు ఫిల్మునే చూసింది. తిడుతుందని అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"వాడు చెప్పిండు సార్," అంది చివరికి. "పాపను హైదరాబాద్ తీస్కపోయినప్పుడే చెప్పిండు. సెల్లు సంగతి సారుకు చెప్పిన, సార్ ఇనలేదు అన్నడు. మేమే నమ్మలే. పిల్లను బతికిచ్చిన సారు మీద పెడ్తవా అని మా ఆయన వాని మీద చెయ్యి జేసుకున్నడు. గప్పుడు పోయినోడు, మల్ల గడప తొక్కలే."

 మంచం మీద కూర్చున్నాను. ఎనిమిదేళ్ళు నేను అనుకున్నదేమంటే, అతను కూడా నాలాగే నోరు మూసుకుని ఉన్నాడని. అతను నిజం చెప్పాడు. చెప్పినందుకు దెబ్బలు తిన్నాడు. నా మంచిపేరే అతని మీద పడింది.

సమ్మక్క లోపలికి పోయి ఫోన్ తెచ్చింది. నంబరు దాచుకునే ఉంది. మోగుతుండగా నా చేతికిచ్చి, మీరే చెప్పండి సార్ అంది.

చెప్పాను. అవతల మిల్లు చప్పుడు వినబడుతోంది. కాసేపటికి చప్పుడు తగ్గింది, బయటికి నడిచినట్టున్నాడు. నా మాటలు అయిపోయాయి.  లైన్ తెగిందేమో అనుకున్నాను.

"పాప ఇప్పుడు ఏం తింటది సార్?" అన్నాడు.

అన్నం తింటోంది, మెత్తగా పెడితే తింటోంది అని చెప్పాను. అతను మళ్ళీ అడిగాడు.

"పండుగకు వస్తే బొమ్మ తేవచ్చునా సార్? సెల్లులు లేంది. మూడు నాలుగేండ్ల పిల్లలకు గుడ్డ బొమ్మలుంటయి గదా, గసుంటిది."

 పదకొండేళ్ళ పిల్ల అరుగు మీద నుంచి నన్నే చూస్తోంది. అతని మనసులో ఆమె ఇంకా మూడేళ్ళదే, ఆ గదిలో అతని చేతులు పట్టుకుని నిలబడే ఉంది. ఫోన్ కావ్యకు ఇచ్చాను.

"మామా," అంది కావ్య ఆ బొంగురు గొంతుతో, "నేను ఆరో తరగతి. నాకు బొమ్మలొద్దు. షటిల్ బ్యాట్లు తే, రెండు."

సమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచాను. ఫిల్ము ఇక్కడ ఇచ్చి పోండి సార్, మా ఆయనకు చూపించాలె అంది. ఇచ్చాను. ఆ ఇంటికి నేను అంతకుముందు ఒక్కసారే పోయాను, అప్పుడు అన్నం తినకుండా కదలనివ్వలేదు. ఈసారి మంచినీళ్ళు కూడా అడగలేదు. నేను తప్పుపట్టడం లేదు, గుర్తుంది కాబట్టి రాస్తున్నాను. ఆటో దొరికే దాకా రోడ్డు మీద నిలబడ్డాను.

శ్రావణికి

పక్క ఫిల్ము ఎప్పుడూ మానకు. గుండ్రంగా ఉన్నది ఏదైనా అంచు చూడు, చూసిందాన్నే కాసేపాగి మళ్ళీ చూడు. వైద్యం చెప్పకు, డాక్టరు లేకపోతే ఫోన్ చెయ్యి. పిల్లను పట్టుకోవడానికి లోపలికి వచ్చిన మనిషి ఏదైనా మెల్లగా అంటే చేతిలో పని ఆపి విను. వాళ్ళు రెండోసారి అనరు. తప్పు జరిగితే ఆ రోజే, ఆ గది గుమ్మం దగ్గరే చెప్పు. కోపాలు వస్తాయి, మెమో వస్తుంది, భరించు. ఆ గుమ్మం దాటాక చెప్పడం రోజురోజుకూ కష్టమవుతుంది. నా సంగతి చూశావు కదా.

దసరా మర్నాడు సాయంత్రం సమ్మక్క ఫోన్ చేసింది. తమ్ముడు వచ్చాడని చెప్పింది. బావ వాకిట్లోకి ఎదురుపోయి సంచి అందుకున్నాడట, ఇద్దరూ మాట్లాడుకోలేదు కానీ ఒక్క బంతిలోనే తిన్నారట. బ్యాట్లు తెచ్చాడట. కొట్టులో ఆ బ్యాట్లను నాలుగు దిక్కులా తిప్పి, పిడి కింద రబ్బరు కూడా ఊడదీసి చూసి గానీ కొనలేదట. బ్యాట్లకు సెల్లులు ఎక్కడుంటాయని కావ్య పొద్దుటి నుంచి మేనమామను ఒకటే ఆటపట్టిస్తోందట.

చెబుతూ సమ్మక్క నవ్వింది. వెనక నుంచి పిల్లల అరుపులు, బ్యాటు చప్పుడు వినబడ్డాయి.  ఉంటా సార్ అంది. మీరు కూడా రండి అనలేదు.

నేను అలమర తెరిచి పాత తేనె సీసాలు చూశాను. ఎనిమిది ఉన్నాయి. ఒకదాని మూత తీసి, వేలితో ముంచి, మొదటిసారి నాలుక మీద పెట్టుకున్నాను.